బొమ్మ వెనక మాట

మా అక్క కంప్యూటర్ క్లాసులో చేరుతానని చెప్పిన రోజు నేను నవ్వలేదు. నవ్వితే అక్కా నాన్నా ఉండే ఆ ఇంట్లో నాకు వారం పాటు కాఫీ పుట్టదు. కానీ నలభై దాటాక ఈ తిప్పలెందుకని మనసులో అనుకున్న మాట నిజం. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. పైకి వెళ్ళింది కిందికి రావాలి, తెరుచుకున్న తలుపు మూసుకోవాలి, అంతవరకే నాకు తెలుసు. చేతికి నూనె అంటకుండా చేసే పనిని పని అని ఒప్పుకోవడం నావల్ల అయ్యేది కాదు. అలాంటి నన్ను మా అక్క కొన్ని నెలల్లోనే నోరెళ్ళబెట్టుకుని నిలబడేలా చేసింది.

అక్క చదువు పదో తరగతితో ఆగింది. అప్పటినుంచి జిరాక్స్ షాపులోనే ఉంది. మా చుట్టుపక్కల ఎవరు డాక్టరైనా, ప్లీడరైనా, వాళ్ళ సర్టిఫికెట్లన్నీ ఒకప్పుడు అక్క చేతిమీదుగా వెళ్ళినవే. మెషీన్‌లో కాగితం ఇరుక్కుంటే చప్పుడుబట్టే ఎక్కడ ఇరుక్కుందో చెప్పేస్తుంది. ఎంత మంచి మెషీనైనా కాపీ అసలుకంటే ఒక పిసరు మసకగానే వస్తుందని ఆవిడకి ఎప్పుడూ ఒక బాధ. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి తీరిక లేదని చెప్పి పంపేసింది. మళ్ళీ ఎత్తితే, ఇప్పుడే కదా చెప్పాను అన్నట్టు చూసేది. ఏదైనా పట్టుకుందంటే అంతు తేల్చేదాకా వదలదు. ఆ మొండితనం నాన్నదే అని అందరూ అంటారు. నాన్న మాత్రం అది మా అమ్మదే అంటాడు.

నాన్న పేము కుర్చీలు అల్లుతాడు. చెక్క చట్రం చుట్టూ చిల్లులుంటాయి. నీళ్ళలో నానబెట్టిన పేము బద్దల్ని ఆ చిల్లుల్లోంచి లాగి, నిలువు, అడ్డం, ఏటవాలు, ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనిస్తూ వెళితే తేనెపట్టులాంటి గళ్ళు వస్తాయి. మనం కూర్చునేది ఆ గళ్ళ మీదే. కొన్నేళ్ళ కిందట నాన్న చూపు మందగించడం మొదలైంది. ముందు మనుషుల ముఖాలు పోయాయి, తర్వాత గుమ్మాలు పోయాయి, చివరికి ఇది పగలు, ఇది రాత్రి అని తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. డాక్టరు చెయ్యగలిగింది లేదన్నాడు. అయినా నాన్న అల్లడం మానలేదు. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ, చేతి అలవాటు మీద అల్లుతూనే ఉన్నాడు.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. అమ్మకి మొహమాటమంటే ఏమిటో తెలియదు. "ఇక్కడ తప్పావు, విప్పు" అనేది. ఆయన సణుక్కుంటూ విప్పేవాడు. అమ్మ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేకుండా పోయారు. కుర్చీ పూర్తిచేసి "ఎలా వచ్చింది?" అని నాన్న అడిగితే నేను "బ్రహ్మాండం" అనేవాణ్ణి. మా ఆవిడ "ఎంత బాగుందో మామయ్యా" అనేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇంకో మెట్టెక్కి, కళ్ళున్నవాళ్ళు కూడా ఇలా అల్లలేరండీ అనేవాళ్ళు. నాన్న తల ఊపి ఊరుకునేవాడు. ఒకరోజు మాత్రం ఊరుకోలేదు.

"జాలిపడి కొంటున్నార్రా వీళ్ళంతా. మీరూ జాలిపడే చెబుతున్నారు. వేళ్ళకి గళ్ళన్నీ ఒకేలా తగులుతాయి, బాగుందో లేదో నాకు తెలిసే దారి లేదు. తెలియకుండా అల్లడం నావల్ల కాదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే లైబ్రరీ నుంచి కబురు వచ్చింది. చదువుకునే హాల్లో కుర్చీల సీట్లన్నీ చిరిగిపోయాయి, అన్నీ మీరే అల్లాలి బాబాయిగారూ అని లైబ్రేరియన్ స్వయంగా ఇంటికి వచ్చి అడిగింది. ఆ కుర్చీలు నాన్న వయసులో ఉన్నప్పుడు అల్లినవే. హాలుకి మరమ్మతులు, రంగులు మొదలవుతున్నాయని, అవి అయ్యేలోపు ఏ సంగతీ చెప్పాలని, లేకపోతే ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించుకోవాల్సి వస్తుందని చెప్పింది. నాన్న "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆవిడ అటు వెళ్ళగానే, చూసేదేమీ లేదు, పని కట్టిపెట్టేస్తున్నానని మాకు చెప్పాడు. "నేను గుడ్డివాణ్ణని తెలియనివాడు ఎవడైనా నా కుర్చీ చూసి కావాలంటే, అప్పుడు నమ్ముతాను" అన్నాడు. ఆయన ఏదో విసుగులో అన్నమాట అది. అక్క దాన్ని గట్టిగా పట్టుకుంది.

అక్క ఆలోచన తిన్నగానే ఉంది. ఊళ్ళో నాన్న సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళు ఎక్కడున్నా ఊరి బయటే ఉండాలి. వాళ్ళకి కుర్చీలు కనపడాలంటే వెబ్‌సైట్ కావాలి. ఎవరిచేతైనా చేయించుకోవచ్చు కదా అన్నాను. "వాళ్ళకి నాన్న అల్లిక గురించి ఏం తెలుసు?" అంది. మర్నాడే వెళ్ళి క్లాసులో చేరింది. మధ్యాహ్నం షాపు మూసి ఉండే వేళకి వెబ్ డిజైను, ఫొటో ఎడిటింగు రెండూ కలిపి నేర్పే బ్యాచి ఒకటుందట.

ఆ ఇన్‌స్టిట్యూట్ టైర్ల షాపు పైన, చివరి అంతస్తులో ఉంది. గదిలో కూడా రబ్బరు వాసనే. ఆ బిల్డింగు లిఫ్టు చూసుకునేది నేనే. అది మొరాయించిందని ఫోన్ వస్తే వెళ్ళాను. మోటారు చల్లారేదాకా ఆగాలి కనక, క్లాసు తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాను. గదినిండా కాలేజీ పిల్లలు. వాళ్ళ మధ్య మా అక్క, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే, రెండు వేళ్ళతో టైపు చేస్తోంది. టీచరు అక్కకి కూతురయ్యే వయసు పిల్ల. మొదటిరోజు "ఆంటీ" అని పిలిచిందట. ఇంకోసారి ఆంటీ అంటే నాకు చెవులు వినపడవని అక్క చెప్పిందట. అప్పటినుంచి అక్కా అనే అంటోంది. ఇంట్లో మాత్రం మేము ఆ అమ్మాయిని పిల్ల టీచరు అనుకునేవాళ్ళం.

ఆరోజు అక్క తెర మీద ఘోరం జరిగిపోయి ఉంది. పేజీ పైన "పేము కుర్చీలు" అన్న పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో రావాలి. కానీ దానికింద రాసినవన్నీ, అడ్రసూ ఫోన్ నంబరూ కూడా, అరచేతులంత అక్షరాలతో తెరనిండా పడి ఉన్నాయి. అక్క ముఖం ఎర్రబడిపోయింది. పిల్ల టీచరు వంగి చూసి, "పేరు మొదలైందని చెప్పావు, అయిపోయిందని చెప్పలేదక్కా. అది పాపం ఇంకా పేరే అనుకుంటోంది" అంది. అక్క వెతికి వెతికి ఒకచోట చిన్న ఏటవాలు గీత పెట్టింది. అంతే, అక్షరాలన్నీ ఒక్కసారిగా తగ్గి, ఎక్కడివక్కడ బుద్ధిగా కూర్చున్నాయి.

నా పనిలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవాలంటే స్క్రూలు బిగించాలి, పట్టాలు తుడవాలి, చొక్కా పాడుచేసుకోవాలి. ఇక్కడ ఒక్క గీతకి పేజీ అంతా కదిలింది. పైగా ఆ కంప్యూటరు అక్క ఏం చెబితే అదే చేస్తోంది. తప్పు చెబితే తప్పే చేస్తోంది, మధ్యలో సొంత తెలివి చూపించడం లేదు. "మనింట్లో ఇలా ఒక్కరూ లేరురా" అంది అక్క నన్ను చూసి. నేను గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని, మోటారు సంగతి మర్చిపోయి, ఆ క్లాసు అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. కింద టైర్ల షాపాయన మెట్లెక్కి వచ్చి, లిఫ్టు బాగుచేయడానికి వచ్చావా చదువుకోవడానికి వచ్చావా అని అడిగాడు.

ఇంకోరోజు రంగుల పాఠం. ప్రతి రంగుకీ ఒక నంబరుందట. ఆ నంబరు రాస్తే ఆ రంగే వస్తుంది, ఎవరు రాసినా, ఎక్కడ రాసినా. ఆ మాట విన్నాక అక్కకి స్థిమితం లేదు. నాన్న బద్దల కట్టలోంచి కొత్త పేము ముక్క ఒకటి లాగి పర్సులో పెట్టుకుని క్లాసుకి పట్టుకెళ్ళింది. తెర పక్కన దాన్ని ఆనించి, నంబర్లు మార్చుకుంటూ కూర్చుంది. కాస్త ఎర్రగా ఉంది, కాస్త పాలిపోయింది, ఇప్పుడు మరీ పచ్చగా ఉంది. పిల్లలంతా వెళ్ళిపోయారు. చివరికి పేము ముక్క ఎక్కడ ఆగిందో, తెర ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయిందట. ఆ నంబరుని అక్క ఇప్పటికీ ఫోన్ నంబరులా గడగడా అప్పచెబుతుంది. అది వెబ్‌సైట్ అడుగున పరిచిన రంగు.

పేజీ ఒక ఎత్తు, ఫొటోలు ఇంకో ఎత్తు. ఒక ఆదివారం అక్క ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటికీ ఫొటోలు తీసింది. వెనక తెల్లదుప్పటి పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. షాపు ఓనరు తీసి పడేసిన పాత కంప్యూటరు ఒకటి అప్పటికే ఇంటికి తెచ్చుకుంది, వాటిని దాంట్లోకి ఎక్కించింది. మొదటి ఫొటోని మూల పట్టుకుని లాగితే కుర్చీ అడ్డంగా సాగి, పెళ్ళి భోజనం చేసిన మనిషిలా తయారైంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఏం నవ్వుతున్నారని నాన్న పక్కగదిలోంచి అడిగితే, నీ కుర్చీకి ఒళ్ళొచ్చిందని చెప్పాం.

తర్వాత అక్క ఫొటోని పెద్దది చేయడం మొదలుపెట్టింది. కుర్చీ పోయి సీటు మిగిలింది, సీటు పోయి ఒక్క గడి, గడి పోయి ఒక్క బద్ద. బద్దలో పీచులు కనపడ్డాయి. ఇంకా పెద్దది చేస్తే అవీ పోయి చిన్నచిన్న చదరాలు మిగిలాయి. గోధుమరంగువి, లేత పసుపువి, మధ్యలో ఊదారంగువి. పేములో ఊదారంగు ఎక్కడిదని అడిగాను. "నీడలో ఉంటుందిరా. మన కంటికి ఆనదు, కెమెరా పట్టేస్తుంది" అంది. నేను లేచి అసలు కుర్చీ దగ్గరికి వెళ్ళి, వంగి చూశాను. ఉంది. పుట్టినప్పటినుంచీ ఆ కుర్చీల మధ్యే తిరిగాను, ఎప్పుడూ చూడలేదు. అక్క ఇంకో కుర్చీకి వెళ్ళిపోయినా నేను ఆ నీడ దగ్గరే కూర్చున్నాను.

ఫొటో మీద పొరలు పరిచి పనిచేయాలని కూడా అప్పుడే చూపించింది. ఫొటో మీద గాజుపలక పెట్టి, ఏం రాసినా పలక మీదే రాసినట్టు. కింద ఉన్నదానికి గీత కూడా పడదు. అలా ఒక పొర మీద దుప్పటి ముడతలు తీసేసింది, ఇంకో పొర మీద మూలనున్న నా బొటనవేలు తీసేసింది. సీటు మీద అంగుళం అంగుళం జరుగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది.

"ఒరేయ్, నాన్న ఇక్కడ తప్పాడు" అంది గొంతు తగ్గించి.

చూశాను. పైనుంచి వెళ్ళాల్సిన బద్ద కిందనుంచి వెళ్ళింది. పక్క గడి వంకరపోయింది. దూరంనుంచి చూస్తే తెలియదు కానీ అంత పెద్దది చేశాక ఎక్కడ దాక్కుంటుంది. ఇంకో కుర్చీలోనూ అలాంటిదే ఒకటి కనపడింది. పక్కగదిలో నాన్న రేడియో వింటున్నాడు. ఏం చేద్దామని నేను అడిగేలోపే అక్క చేసేసింది. బాగున్న గడి మీద ఒకసారి నొక్కి, వంకర గడి మీద కుంచెతో రాసినట్టు రాసింది. ఇక్కడి బద్ద అక్కడ మొలిచింది, పీచులతో సహా, ఊదా నీడతో సహా. ఏది నాన్న అల్లిందో, ఏది అక్క అద్దిందో ఎంత కళ్ళు చికిలించినా నాకు దొరకలేదు. మనిషి చేతికి ఇంత శక్తి ఉండొచ్చా అని భయం కూడా వేసింది.

"ఎవరైనా కొంటే తప్పుదే పంపిస్తావా?" అన్నాను.

"పంపేముందు ఎలాగోలా సరిచేయిద్దాంలే. ముందు అడగనీ" అంది.

ఆ సంగతి నాన్నకి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. ఫొటోలు ఎలా వచ్చాయని ఆయన అడిగితే, ఇద్దరం ఒక్కసారే "బాగా వచ్చాయి" అన్నాం.

పేజీ తయారైంది. దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించడం పిల్ల టీచరు నేర్పింది. నేనొక బిల్డింగు పైన మోటారు గదిలో ఉండగా అక్క ఫోన్ చేసి ఒక అడ్రసు చెప్పింది. కొట్టాను. నూనె మరకల ఫోన్‌లో నాన్న కుర్చీలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఇది ఇప్పుడు ఎక్కడున్నవాళ్ళకైనా కనపడుతుందా అని అడిగాను. సముద్రం అవతల ఉన్నా కనపడుతుందంది. నేను ఆ మోటారు పక్కనే కూలబడి, మొదటినుంచి చివరిదాకా చూసి, మళ్ళీ మొదటికి వచ్చాను.

సాయంత్రం నాన్నకి వినిపిద్దామనుకుంది. నాన్న ఫోన్‌లో మాట్లాడే గొంతు ఒకటుంది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. దానికి నాన్న మేనేజరమ్మ అని పేరుపెట్టాడు. దయా దాక్షిణ్యం, నవ్వూ ఏడుపూ దానికి లేవు. చావు కబురైనా, సబ్బు ప్రకటనైనా ఒకే గొంతు. భోజనం చేస్తుంటే మధ్యలో బ్యాటరీ తక్కువగా ఉందంటుంది. ఇంట్లో మా అందరికంటే నాన్నకి దానితోనే బాగా కుదిరింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేది అదొక్కతే" అనేవాడు.

నాన్న పేజీ మీద వేలు పెట్టాడు. "పేము కుర్చీలు" అంది మేనేజరమ్మ. నాన్న ముఖం విప్పారింది. వేలు కిందికి జరిపితే "చిత్రం" అంది. ఇంకొంచెం జరిపితే "చిత్రం". ఇంకా జరిపినా "చిత్రం". చివరిదాకా అదే మాట.

"ఇదేనా నా పని?" అన్నాడు నాన్న. ఆ గొంతులో కోపం లేదు. ఫోన్ పక్కన పెట్టేశాడు.

మర్నాడు అక్క క్లాసులో అడిగితే పిల్ల టీచరు నాలుక కరుచుకుంది. ప్రతి బొమ్మ వెనకా ఒక చోటు ఉంటుందట. ఆ బొమ్మలో ఏముందో అందులో మాటల్లో రాయాలట. చూపున్నవాళ్ళకి ఆ మాటలు కనపడవు, చూపు లేనివాళ్ళకి ఫోను వాటినే చదివి వినిపిస్తుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారని, తనూ ఆఖర్లో చెబుదామని వదిలేశానని ఆ అమ్మాయి నొచ్చుకుంది. అక్క షాపుకి వెళ్ళకుండా తిన్నగా నేనూ మా ఆవిడా ఉండే ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఇదంతా చెప్పింది.

"ఈ పేజీలు కనిపెట్టినవాళ్ళు ఎవరో మనకి తెలియదు. బొమ్మ పెట్టే చోటు చేస్తూనే, చూడలేనివాళ్ళకోసం దాని వెనక ఇంకో చోటు అట్టేపెట్టారురా. ఎక్కడో కూర్చుని మన నాన్న గురించి ఆలోచించినట్టే కదా" అంది. లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయాను.

ఆ వారమంతా అక్క ఆ మాటలు రాసింది. "చేతుల కుర్చీ. సీటు లేత బంగారు రంగు. గళ్ళన్నీ ఒకే కొలతలో, తీర్చిదిద్దినట్టు ఉన్నాయి." ఇంకోటి, "వాలు కుర్చీ. అల్లికలో ఎక్కడా లోపం లేదు." అన్నీ ఫొటోలో కనపడుతున్నవే. ఫొటోలో లోపం లేదు మరి.

నాన్న వింటుంటే ఇద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం. మొదటి కుర్చీకి తల పంకించాడు. రెండోదానికి వేలు కాస్త ఆగింది. మూడోదానికి పెదవులు బిగుసుకున్నాయి. చివరిదాకా వినకుండానే ఫోన్ బోర్లా పెట్టేశాడు.

"అమ్మాయ్, మేనేజరమ్మని కూడా మీలో కలిపేసుకున్నారా" అన్నాడు.

అక్క ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇన్ని కుర్చీల్లో ఒక్కదాంట్లోనూ తప్పు పడకపోవడం కళ్ళున్నప్పుడే నేనెరగను. మీ అమ్మ ఉంటే చెప్పేది. ఇదొక్కతైనా మిగిలిందనుకున్నాను, ఉన్నమాట చెప్పడానికి. సరేలే. ఒరేయ్, లైబ్రరీ అమ్మాయికి ఫోన్ చేసి వేరే ఏర్పాటు చూసుకోమను. వాళ్ళ రంగులు కూడా అయిపోవచ్చాయట. ఎన్నాళ్ళని వేలాడదీస్తాం."

నేను ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. రేపు చేస్తానన్నాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆవిడకి కోపం వచ్చింది, తన మీదే. వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని, ఈసారి తప్పులతో సహా రాస్తానంది. చెరిపేసిన తప్పుల్ని మళ్ళీ ఎక్కడినుంచి తెస్తుందని నా సందేహం. చెరిగింది చెరిగినట్టే కదా. తెర పక్కనున్న వరసలో చిన్న కన్ను గుర్తు మీద అక్క నొక్కింది. తను అద్దిన పొర మాయమైంది. కింద నాన్న అల్లిన వంకర గడి, ఆయన చేత్తో ఎలా అల్లాడో అలాగే, చెక్కుచెదరకుండా ఉంది.

"ఎక్కడికీ పోలేదురా. నేనే పైన కప్పాను" అంది.

అంతసేపూ ఆ గడి కిందే ఉంది. మేము బాగుంది బాగుంది అంటున్నంతసేపూ అది అక్కడే ఉంది.

అక్క కుర్చీల్ని ఒక్కొక్కటిగా లోపలి గది కిటికీ దగ్గరికి మోయించింది. వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూస్తూ, వేలితో గడి గడీ తడిమింది. తప్పు ఉందని రాస్తే చాలదు, అది ఎక్కడుందో వేళ్ళకి దొరికేలా రాయాలి. ఏ మూల, ఏ అంచు, అంచునుంచి ఎన్నో గడి. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. కళ్ళు మూసుకుని, తను రాసింది నాచేత చదివించుకుని, వేలితో వెతుక్కుంది. వేలు పక్క గడికి పోతే మాట మార్చింది. బొమ్మ వెనక ఒక్క వాక్యం చాలని పిల్ల టీచరు చెప్పిందట. మా అక్క పేరాలు రాసింది. నేను కుర్చీలు మోస్తూ ఆవిడ వంక చూస్తూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ కాగితాలకి కాపీలు తీసిన మనిషి, నాన్న చేతిపనిని ఉన్నదున్నట్టు మాటల్లోకి ఎక్కిస్తోంది. చదువంటే ఇది కదా అనిపించింది.

పొద్దున్న నాన్న వినను పొమ్మన్నాడు. "విన్నానుగా నిన్న."

"నిన్నటివి నేను కప్పిపెట్టి రాసినవి నాన్నా. తప్పులు కనపడితే ఫొటోలో చెరిపేశాను. ఇవి అవి కావు" అంది అక్క. దాచుకోకుండా అలా చెప్పేసి, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

నాన్న తెర మీద వేలు పెట్టాడు.

"చేతుల కుర్చీ. సీటు లేత పసుపు. వెనక ఎడమ మూలలో, అంచునుంచి మూడో గడి దగ్గర, పైనుంచి వెళ్ళాల్సిన బద్ద కిందనుంచి వెళ్ళింది. దానివల్ల పక్క గడి నొక్కుకుపోయింది. మిగతా అల్లిక సమానంగా ఉంది" అని చదివింది మేనేజరమ్మ.

వేలు ఆగింది. మళ్ళీ అక్కడే పెట్టాడు. అదే గొంతుతో, అంతే మొహమాటం లేకుండా, అది మళ్ళీ చదివింది. నాన్న లేచాడు. తడుముకుంటూ ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనక మూల పట్టుకుని, అంచునుంచి ఒక్కో గడి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. వేలు ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఉంది" అన్నాడు.

తన తప్పు దొరికినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. ముఖం ముఖమంతా వెలిగిపోతోంది. "ఉందమ్మాయ్, నిజంగానే ఉంది" అంటూ ఆ నొక్కుకుపోయిన గడినే నిమురుతూ కూర్చున్నాడు. రెండో కుర్చీలోనూ ఒక తప్పు చెప్పింది మేనేజరమ్మ. అదీ దొరికింది. మూడోదానికి వేలు పెట్టాడు.

"వాలు కుర్చీ. సీటు, వీపు రెండూ పేము అల్లికే. రాసిన మనిషి ప్రతి గడీ వేలితో తడిమి చూసింది. తప్పు లేదు."

నాన్న ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళలేదు. తడిమి చూడలేదు. ఫోన్ మీదే మళ్ళీ వేలు పెట్టాడు. "తప్పు లేదు" అంది మేనేజరమ్మ. ఇంకోసారి పెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డందాకా వచ్చాయి, తుడుచుకోలేదు. మేమంతా ఇన్నేళ్ళుగా చెప్పిన బ్రహ్మాండాలన్నీ ఆ రెండు మాటల ముందు ఎందుకూ పనికిరాలేదు. ఊరి బయటివాళ్ళు ఎవరైనా అడిగారా అని ఆయన అడగనే లేదు. ఎవరూ అడగలేదు కూడా.

"లైబ్రరీకి ఫోన్ కలపరా" అన్నాడు. "నాకివ్వు, నేను మాట్లాడతాను."

లైబ్రేరియన్ గొంతు పక్కనున్న మాకూ వినపడుతోంది. "చేస్తారా బాబాయిగారూ? మీరు అల్లారంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అంది ఆవిడ, అందరిలాగే.

"చూసుకోవాలమ్మా" అన్నాడు నాన్న. "కళ్ళు లేవు కదా, తప్పులు పడతాయి. పడినవి మా అమ్మాయి చెబుతుంది. విప్పి మళ్ళీ అల్లుతాను. తప్పు లేదని అది రాశాకే ఏ కుర్చీ అయినా మీ హాల్లోకి వచ్చేది."

అక్క చప్పుడు చేయకుండా వచ్చి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. నాన్న ఫోన్ నా చేతికిచ్చి, చేతుల కుర్చీని ఒళ్ళోకి లాక్కుని, ఆ బద్దని విప్పడం మొదలుపెట్టాడు.